ఐదో బుధవారం

కాశీబుగ్గలో కరెంటు పోయింది.
సెల్‌ఫోను వెలుగులో చదువుతున్నాను యాకోబు పత్రిక,
కోతవాళ్ళకి ఎగ్గొట్టిన కూలి
మొరపెడుతుందన్న చోట.

"ఇంకోపాలి సదవండి బావూ" అంది ఎలీశమ్మ.
చదివాను.
"కూలికి నోరుంటాదా?"
జీడిసొన తినేసిన వేళ్ళు ఒళ్ళో బోర్లించుకుని
అడిగింది,
నన్ను కాదు, పుస్తకాన్ని.

నాలుగు వారాలు
శోధన గురించి, నాలుక గురించి,
ఉన్నోడికి వేసే కుర్చీ గురించి
బాగానే చెప్పాను.
నాకే ఇబ్బందీ లేకపోయింది.

పగలు జీడిబట్టీలో
కాటా దగ్గర కూర్చునేది నేనే.
తడి ఉందని, తొక్క ఉందని
తట్టకి పావుకిలో కోసేసే వేలే
ఇప్పుడు వచనాల కింద
వరస తప్పకుండా నడుస్తోంది.

ముగింపు ప్రార్థన చెయ్యమన్నారు.
నోరు రాలేదు.
చీకట్లో దోమలు,
పలాస స్టేషన్లో గూడ్సుబండి కూత.

గురువారం
ఎలీశమ్మ తట్ట దించింది.
"ఎనిమిది..." అని ఆగి
"ఎనిమిదీ పావు" అన్నాను, పైకే.
గదిలోంచి షావుకారు తల తిప్పాడు.

పదకొండేళ్ళ పాత పావులు
ఏ ఖాతాలో రాయాలో తెలీక
పెన్ను పట్టుకుని కూర్చున్నాను.

ఆమె అంకె చూడలేదు,
నా మొహం చూసింది.
"ఏటి బావూ,
జొరమొచ్చిందేటి?"