ఫ్లెక్సీలో పళ్ళు

ఉప్పుచెలమ పంచాయితీ ఓటర్లకు
ముందుగా ఒక సవరణ.

బస్సు మలుపులో కరెంటు స్తంభానికి
చేతులు జోడించి వేలాడతన్నవాడు
నేను కాదు.
మీసం నాదే. చొక్కా మా బామ్మర్ది శేషగిరిది.
పళ్ళు మాత్రం కనిగిరి ఖాదర్‌వలివి.
కంప్యూటరు ముందు కూర్చుని
ఒక్కో పన్నూ తోమాడు పాపం,
పైసా జాస్తి అడక్కుండా.
ఊహ తెలిసిన నాటి నుంచి ఈ బోరు నీళ్ళు
రాసిపెట్టిన గోధుమరంగు గీతలన్నీ
నేను టీ తాగి వచ్చేలోపు మాయం.

మా యమ్మను తీసుకుపోయి చూపించా.
"యాడరా?" అంది.
చూపుడువేలు పైకెత్తి నిలబడ్డా.
ఆమె నా చెప్పుల వంకే చూస్తా ఉంది.
అప్పుడు గుర్తొచ్చింది,
పన్నెండేళ్ళయింది మా యమ్మ మెడ పైకి లేచి.
మబ్బు పట్టిందీ లేందీ
నేల మీద నీడ చూసి చెబుతుంది.

మెడలెత్తలేని ఊళ్ళో
అంత ఎత్తున ఎందుకు కట్టానో
నాకే తెలియదు.
ఆ రాత్రే నిచ్చెనేసి దించా.
మోకాలెత్తున కట్టా.
ఇప్పుడు మేకలు నా నుదుటికి వీపు గోక్కుంటున్నాయి.
ఎవడో పిల్లోడు బొగ్గుముక్కతో నా పళ్ళు పూశాడు.
వాడికి ఓటు లేదు గానీ
వాడొక్కడే నన్ను గుర్తుపట్టాడు.

పేరు తన్నీరు మాల్యాద్రి.
ఇంటిపేరులో ఉన్న నీళ్ళు ఇంటి బావిలో లేవు.
గుర్తు కప్పూ సాసరూ.
నవ్వబాకండి.
మన నీళ్ళతో టీ పెడితే పాలు విరుగుతాయని
నాకూ తెలుసు.
ఉంగరం మీద ఆశపడ్డా,
అక్షరాల వరసలో అవతలాయనకు పోయింది.

వెలిగొండ గురించి మాట్లాడను.
కొండకు బొక్క పెట్టేది సర్పంచి కాదు.
సర్పంచికి ఉండేది
ఒక రబ్బరు ముద్ర, ఒక తాళాల గుత్తి.
ఆ గుత్తిలో ఫిల్టరు గది తాళంచెవి ఉంది.
పొద్దున అయిదింటికి తలుపు తీస్తా.
వరసలో ఏ బిందె ముందుంటే ఆ బిందె ముందు,
అది ఏ వీధి బిందెయినా సరే.
ఇంతకంటే పెద్ద మాట నా నోట రాదు.
వస్తే, అది ఫ్లెక్సీవాడు మాట్లాడాడనుకోండి.

అవతలాయన ఓటుకు వెయ్యి ఇస్తన్నాడంట.
తీసుకోండి.
కందులకు ధర లేని ఏడు,
వద్దని చెప్పే మొహం నాకు లేదు.
ఎందుకు లేదో కూడా చెబుతా,
మైకు ఆపడానికి ఇంకా పావుగంట ఉంది.

పోయినసారి పదకొండు ఓట్లతో ఓడిపోయా.
మర్నాడు ట్యాంకరు తోలలేదు.
డీజిలు లేదన్నా.
డీజిలు ఉంది.
రెండోరోజూ తోలలేదు. మూడోరోజూ.
ఇంట్లో కూర్చుని, ఆ పదకొండుమంది ఎవరా అని
వేళ్ళు మడుస్తా, తెరుస్తా ఉన్నా.
కాలనీలో యేసోబు భార్య కరుణమ్మ,
నెలలు నిండిన మనిషి,
ఆ మూడు రోజులూ బోరు నీళ్ళే తాగింది.
ఆమె నాకే ఓటేసిందని
తర్వాతెప్పుడో తెలిసింది.
వేయకపోయినా దాహం దాహమే గదా
అన్న సంగతి
దానికంటే ఇంకా ఆలస్యంగా తెలిసింది.

ఆ పిల్లకిప్పుడు ఆరో ఏడు.
పాలపళ్ళు ఊడతన్నాయి.
మూడు రోజుల నీళ్ళతో ఏమీ కాదులే
అన్నాడు కనిగిరి డాక్టరు.
అయినా ఎదురుపడినప్పుడల్లా
ఆ పిల్ల నోటి వంకే చూస్తా,
కొత్తవి ఏ రంగున వస్తాయో అని.
నాకు భయపడి నోరు మూసుకుంటుంది.

ఆటో అబ్బాయి గడియారం చూపిస్తన్నాడు.
ఓటెవరికి వేస్తారో మీ ఇష్టం.
గెలిచినా ఓడినా,
ఓట్ల మర్నాడు పొద్దున ఏడింటికి
ట్యాంకరు కాలనీ వైపు నుంచి మొదలవుతుంది.
గొట్టం మూతికాడ కారతా ఉంది,
వచ్చేటప్పుడు ఎవరన్నా
ఒక పాతగుడ్డ తెచ్చుకోండి.