వెనక గుమ్మం

నాన్న పద్దుల పుస్తకంలోనే రాస్తున్నాను,
ఇంట్లో ఖాళీ కాగితం ఉన్నది దాంట్లోనే.
ఎడమ పేజీ నిండా ఆయన పెన్సిలు:
గేట్ బజారు సాహువారి పెళ్ళి,
ఆకులు ఆరొందలు, అదనం పదిహేను,
కందిపప్పు ముప్పై రెండు కిలోలు,
గుమ్మడికాయలు పద్నాలుగు, ఒకటి కుళ్ళింది.
కుడి పేజీలో నేను:
పారిస్ మూడు రాత్రులు. రోమ్ రెండు. వియన్నా రెండు.
ఎక్కడ తింటాం?

బరంపురంలో కరెంటు పోయిన సాయంత్రం
అరుగు మీద ఏడుగురం, ఒక్క ఫోను వెలుగు.
పుణ్యావతత్తకి ఉల్లి పడదు,
వెల్లుల్లి పేరు వింటేనే కొంగు ముక్కుకి పోతుంది.
సంజుక్త వదిన కార్తీకమంతా నీచు ముట్టదు,
మేం వెళ్ళేది సరిగ్గా కార్తీకంలోనే.
"వియన్నాలో జగన్నాథుడు చూడడులే" అన్నాడు అన్నయ్య.
ఆ రాత్రి వాడికి పఖాళలో నీళ్ళే దక్కాయి.
హృషిగాడికి ఎక్కడైనా పిజ్జా చాలు;
దానికి రోమ్ దాకా ఎందుకు,
గోపాల్‌పూర్ బీచి చాలదా అని వాడి చెల్లెలు.

నాలుగున్నర చుక్కలొచ్చిన చోట
పళ్ళెం పెద్దది, కూర చిన్నది,
అంచున దేన్నో ముగ్గులా చల్లారు.
ధర రూపాయల్లోకి మార్చి చదివాను.
"ఆ డబ్బుకి ఒక బారసాల అయిపోతాది" అంది అత్త.
మూడు చుక్కల చోట వడ్డించేవాడు నవ్వడట.
నవ్వకపోతే ఏం, మా శీను నవ్వుతాడా?

నాన్న ఏమీ అనలేదు.
ఛత్రపురం నుంచి ఇచ్ఛాపురం దాకా
నలభై ఏళ్ళు వండిన మనిషి.
ఒడియా పెళ్ళికి దాల్మా, తెలుగు పెళ్ళికి ముద్దపప్పు,
దండాసి మేస్త్రి చెయ్యంటే రెండు భాషలకీ ఒకటే ఉప్పు.
బంతిలో కూర్చుని తినడం మాత్రం నేను చూళ్ళేదు.
అందరి చేతులూ కడిగించాక
బోర్లించిన గంగాళం మీద కూర్చుని
అడుగంటింది గీక్కుంటే అదే భోజనం.

వీసా ఆఫీసులో యంత్రం ఆయన వేళ్ళని గుర్తుపట్టలేదు.
తుడిచి పెట్టండి, నొక్కి పెట్టండి, అంది ఆ పిల్ల.
గీతలు ఏ మూకుడు అంచున వదిలేశాడో,
ఏ పాకంలో కరిగిపోయాయో.
నాలుగోసారికి చిటికెనవేలు ఒప్పుకుంది.
"ఇదొక్కటీ పని దొంగ" అని నవ్వాడు.

నా పట్టుదలంతా అందుకే.
ఒక్క పూటైనా తెల్లగుడ్డ పరిచిన బల్ల ముందు
ఆయన కుర్చీ ఇంకెవరో వెనక్కి లాగాలి.
పారిస్‌లో నది కనబడే చోటు, ఏడుగురికి,
నెల ముందే చెప్పాలట. చెప్పేద్దామా?

అప్పుడడిగాడు:
"వంటిల్లు ఎటేపుంది?"
ఫోటోలన్నీ జరిపాను.
దీపాలు. గాజు గ్లాసులు. కిటికీలో పూలు.
వంటిల్లు లేదు.
"పొయ్యి ఎన్నింటికి ముట్టిత్తారు?
గిన్నెలు తోమేవోళ్ళకి ఎప్పుడు పెడతారు?"
ఎవరూ రాయలేదు.

"నాకా ముందు గుమ్మం ఒద్దే అమ్మా.
వెనక సందులో కాసేపు నిలబడతాను.
నూనె కొత్తదో, మాడిందో ముక్కుకి తెలుత్తాది,
దానికి ఏ బాసా అక్కర్లేదు.
సిగరెట్టు కాల్చుకోడానికి బయటికొచ్చిన
వంటోడి మొకం సూత్తే
లోపల కూర ఎలాగుందో సెప్పేత్తాను.
మీరంతా నది సూసుకోండి."

కరెంటొచ్చింది. పిల్లలు ఫోను లాక్కుని లోపలికి పరిగెత్తారు,
అత్త అప్పడాల బుట్ట మూత వెతుక్కుంటోంది.
నాన్న పుస్తకం తనవైపు తిప్పుకున్నాడు,
చెవి మీది పెన్సిలు తీసి
నా పారిస్ కింద
వంకర అక్షరాలతో:

ఆకులు ఏడు.
అదనం ఒకటి.