పదకొండు అంకెల గడియారం

సోలోథూర్న్ ఊళ్ళో ఒక గడియారం ఉంది,
దాని ముఖం మీద పదకొండు అంకెలే.
పన్నెండు ఎటు పోయిందని అడిగితే
ఊరివాళ్ళు నవ్వి, మూతి మీది బీరు నురగ తుడుచుకుంటారు.
ఆ దారిన ఆఫీసుకి పోయే నేను
రోజూ ఆ లేని అంకె దగ్గరే ఆగుతాను.

నా పని ఉత్తరాలు.
"మీ అభ్యర్థనను శ్రద్ధగా పరిశీలించాము" దగ్గర మొదలై
"చింతిస్తున్నాము" దగ్గర ఆగేవి.
నడిమి నాలుగు వాక్యాలూ డాక్టర్ అఫోల్టర్ చెబుతుంది,
నేను టైపు చేస్తాను.
కాదు అనే మాట మీద ఎన్ని దుప్పట్లు కప్పినా
కాళ్ళు బయటికే ఉంటాయి.

ఇవాళ బెర్న్ నుంచి ప్రశ్న వచ్చింది.
ఏ మందు ఎంత బతుకునిస్తుందో
ఆ బతుకుకి ఎంత చెల్లించవచ్చో
దేశం మొత్తానికీ ఒకే తక్కెడలో తూచి చెబితే
బీమా సంస్థలు ఏమంటాయి?

మేం ముందు కాఫీ అన్నాం.

లెక్కల త్సుర్‌బ్రూగ్ చెంచా తిప్పుతూ
"తక్కెడ సరే, రాళ్ళు ఎవరివి?" అన్నాడు.
మందు అమ్మేవాడే రాయి కూడా తెస్తే
మొగ్గేది ఎటో తనకి ముందే తెలుసన్నాడు.
సెరైనా కడుఫ్ లోగొంతుకతో, దాదాపు గుట్టు చెప్పినట్టు:
"మనం ఒక్కళ్ళమే కాదంటే
నవంబరులో జనం పక్క కంపెనీకి పోతారు.
అందరం కలిసి కాదంటే, అది న్యాయం."
అఫోల్టర్ కిటికీలోంచి ఆరె నదిని చూస్తోంది.
"ఓల్టెన్‌లో ఇచ్చిన సూదిమందు ఇక్కడ ఇవ్వలేదు.
రైల్లో ఇరవై నిమిషాలు.
ఇరవై నిమిషాల్లో రోగం మారుతుందా?"

ఎవరూ మాట్లాడలేదు.
మినిట్స్‌లో మౌనాన్ని ఎలా రాయాలో
నాకు ఎవరూ నేర్పలేదు.

నా సొరుగులో గ్రెంఖెన్ నుంచి తిరిగొచ్చిన ఉత్తరం ఒకటుంది.
అలోయిస్ చూయ్, ముప్పైతొమ్మిదేళ్ళు
వాచీలకి ముళ్ళు బిగించినవాడు.
ఆయన అడిగిన మందు, పరిశోధనల సగటులో, నాలుగు నెలలు ఇస్తుంది.
మా ఉత్తరం వెనకవైపు పెన్సిలుతో రాశాడు:
"నాలుగు నెలలు చాలవన్నది ఎవరు? పేరు చెప్పండి.
కోపం కాదు.
వాచీ బాగుచేసినవాడు కూడా
మూత లోపల తన గుర్తు గీసి పోతాడు."

సంతకం చోట చూశాను.
అక్కడ ఉన్నది ఒక విభాగం.

బెర్న్‌లో తూచితే ఓల్టెన్‌కీ గ్రెంఖెన్‌కీ ఒకే తూకం.
అది నాకూ కావాలి, అబద్ధమెందుకు,
రైలు దిగిన స్టేషన్ని బట్టి ఆయుష్షు ఉండకూడదు.
కానీ మీటింగు అయ్యేవేళ
బల్ల చుట్టూ చేతులు చూశాను.
ఒకదాన్నొకటి రుద్దుకుంటున్నాయి,
చలికేమో,
నీళ్ళు లేకుండా కడుక్కోవడమేమో.
నా చేతులు కీబోర్డు మీద ఉన్నాయి గనక తప్పించుకున్నాను.

"జాతీయ స్థాయి మదింపును సంస్థ ఏకగ్రీవంగా సమర్థిస్తుంది."
అలా రాశాను. నిజమే రాశాను.

ప్రింటరు అడిగింది,
ఒకవైపా, రెండువైపులా?
ఒకవైపే అని నొక్కాను.
ఆఖరి కాగితం వెనక, ఎవరూ తిప్పని చోట,
పెన్సిలుతో చిన్నగా గీశాను:
అ.చూ. నాలుగు నెలలు.
కింద నా పేరు.