గుండు, బద్ద, నూక

కాశీబుగ్గలో జీడిపప్పు ఫ్యాక్టరీ.
తూకం గది మూలన ఒక కంప్యూటరు,
కీబోర్డు సందుల్లో జీడిపొట్టు దుమ్ము.
ఎవరి తూకం వాళ్లే ఎక్కించుకోవాలని కొత్త పద్ధతి.
ప్లాస్టిక్ స్టూలు లాక్కుని
నా మెనూని మొదటిసారి
నేను కాని మనిషి తెరిచింది:
బమ్మిడి దాలమ్మ, గ్రేడింగు బల్ల, పద్దెనిమిదేళ్ల సర్వీసు.

తెర అడుగున మూడు చాపాలు, ఒక చుక్క.
గీయడానికి నాకు వారం పట్టింది.
"ఇదేటి బాబూ, ఇసనకర్రా?"

నొక్కింది.
పధ్నాలుగు పేర్లు జారిపడ్డాయి.
పక్క లాడ్జీది, ఎదురు మందుల షాపుది,
ఎవడిదో జేబులో ఫోనుది,
అంకెలూ అక్షరాలూ కలిపి కక్కినట్టు రెండు,
పేరే లేనిది ఒకటి.
ఫ్యాక్టరీది తొమ్మిదోది.
పోనీ ఉన్నచోట ఉంటాయా,
బలం పెరిగిందని ఒకటి పైకి, తగ్గిందని ఒకటి కిందికి.
ఆమె వేలు దిగేలోగా
లాడ్జీ వచ్చి కూర్చుంది వేలి కింద.
పాస్‌వర్డు అడిగింది.
"ఆల తాళం మనకెందుకు?" అని దాలమ్మ
చెయ్యి వెనక్కి తీసుకుంది, దొంగతనం అంటగట్టినట్టు.

నోటుపుస్తకంలో రాసుకున్నాను:
వాడేవారికి శిక్షణ అవసరం.
ఆ వాక్యం ఇంకా ఉంది. సిగ్గు కోసం ఉంచాను.

మూడోరోజు పచ్చటి టిక్కు వెలుగుతోంది,
"కనెక్ట్ అయింది" అని పక్కన నా అక్షరాలే.
పదకొండు కిలోల నాలుగొందల గ్రాములు.
ఒక్కో అంకె వెతికి కొట్టింది దాలమ్మ.
మందస రోడ్డులో ఎక్కడో జేసీబీ
మధ్యాహ్నమే లైను తవ్విపారేసిందని
తెరకి తెలుసు, ఆమెకి చెప్పలేదు.
రూటరు దాకా దారి, రూటరు దాటితే గాలి.
సాయంత్రం కూలి లెక్కలో ఆమె పేరు ఎదుట సున్నా.

"కలిసింది అన్నాది కదా నీ పెట్టి.
అవతలోడు పలకనప్పుడు
కలిసినట్టెలాగయ్యా?"

నా దగ్గర జవాబుంది, ఇంగ్లీషులో.
తెలుగులో దానికి మొహం లేదు.

మర్నాడు కూలి సర్దారు లెండి.
నేను మాత్రం గ్రేడింగు బల్ల దగ్గరే నిలబడిపోయాను.
గుండు ఇటు, బద్ద అటు,
ముక్క ముందుకి, నూక జల్లెడలోకి,
మచ్చపడింది బల్ల కింది బుట్టలోకి.
చూపు బల్ల మీద ఉండదు,
పక్కామెతో తగువు నడుస్తూనే ఉంటుంది,
తనేమిటో గింజే వేళ్లకు చెప్పుకుంటుంది.
పెట్టిన కుప్పని మాత్రం కదపదు.
"కుప్ప జరిపితే సెయ్యి మర్సిపోతాది బాబూ."

ఆ రాత్రి లాడ్జీలో
(అదే లాడ్జీ, దాని పాస్‌వర్డు ఇప్పుడు నాకిచ్చారు)
మెనూ మొత్తం బల్ల మీద పోశాను.
మనది పైన, ఒక్కటే, లావుగా, కదలకుండా.
తక్కినవన్నీ "ఇరుగుపొరుగు" అనే మూత కింద;
కావాలంటే తెరుచుకో, లేదంటే వాటి గొడవ నీకొద్దు.
విసనకర్ర తీయడానికి కంపెనీ ఒప్పుకోలేదు.
పక్కన "నెట్టు" అని రాయించాను.
రెండక్షరాలు, ఎనిమిది ఈమెయిళ్లు.

టిక్కు దగ్గర తెల్లారింది.
"పరిమిత అనుసంధానం" అట,
ఎవరు కనిపెట్టారో, పప్పులో రాయిలాంటి మాట.
కొట్టేశాను. ఇంకో మూడు కొట్టేశాను.
చివరికి ఆమె మాటే తిరిగొచ్చింది:
"రూటరు దాకా ఉంది. అవతల పలకడం లేదు.
ఇప్పుడు పంపితే చేరదు."

రెండు నెలలకి మళ్లీ లైను పోయింది.
నేను వెనకే ఉన్నాను, ఊపిరి బిగబట్టి.
కూడబలుక్కుంటూ చదివింది దాలమ్మ.
స్టూలు జరిపి, తూకం చీటీ మీద రాయించుకుని
కొంగున ముడేసుకుని బల్లకి వెళ్లిపోయింది.

మెనూ గురించి ఒక్క ముక్క అనలేదు.
మంచి గుండు దొరికినా
ఆమె ఏమీ అనదు.
కుప్పలో వేస్తుంది, అంతే.