పాత బల్దియా, మూడో గది

బోర్డు మీద అరబ్బీల రాసుంది.
నాకు చదవరాదు.
డ్రైవర్ యూనుస్ చదివి చెప్పిండు: బలదియా.
నవ్వొచ్చింది.
నాలుగున్నర గంటలు గాలిల కూసొని వచ్చి
దిగింది మళ్ళ బల్దియా ముంగటనేనా!

జగిత్యాల బల్దియాల మా మేనత్త నర్సవ్వ
తెల్లారక ముందే గల్లీలు ఊడ్చేది.
మనామాల నేను
బల్దియా చరిత్రను ఊడుస్తున్న.

చరిత్రకు దుమ్ము ఎక్కువ.
తలుపు సందులకెల్లి వచ్చే ఎడారి దుమ్ము
జొన్నపిండి లెక్క మెత్తగుంటది.
పొద్దున తుడిచిన అద్దం మీద
మాపటికి వేలితోని పేరు రాయొచ్చు.
నేను రాయను. కెమెరాలున్నయి.

గోడలు సముద్రపు రాయివి.
దగ్గరికి పోయి చూస్తే సున్నం కింద
గవ్వల ముక్కలు, ఏదో పురుగు ఇల్లు కట్టుకున్న బొక్కలు.
ఏసీ బందయిన మధ్యాహ్నం
ఆ గోడకే వీపు ఆనించి నిలబడత.

మొదటి గదిల కుర్చీలు.
వీధిదీపాలకు నూనె ఎవరు పొయ్యాలని
పెద్దమనుషులు కొట్లాడుకున్న కుర్చీలట.
ఇప్పుడు ఎర్రతాడు కట్టిన్రు, ఎవరూ కూసోవద్దు.
కాళ్ళు మాత్రం నేను తుడుస్త.

రెండో గదిల సందుగలు, తాళాలు,
నీళ్ళు మోసిన గాడిదల మెడల కట్టిన ఇత్తడి బిళ్ళలు.
నూట పదిహేడో గాడిద ఎంత మోసిందో
ఏ దఫ్తర్ల రాసుందో ఏమో.
నా మెడల కార్డు నంబరు నాలుగొందల రెండు.

బడిపిల్లలకు గైడు చెప్తుంటే
చెవిన పడతయి మాటలు:
దఫ్తర్, బాకీ, వసూల్, సందూఖ్.
హాదిర్ అంటడు, అది మన హాజరే.
మా కిరాణాకొట్టు చిట్టాల మాటలు
నాకంటే ముందుగాల వీసా తీసుకున్నయనుకున్న.
కాదు, ఇవే ఎప్పుడో అక్కడికి వచ్చి
తిరిగి పోకుండ ఉండిపోయినయి.
వాటిని ఎవరూ అకామా అడగలేదు.

మూడో గది చిన్నది.
అండ్ల ఒక్కటే చీపురు.
ఖర్జూరపు మట్టలది. అద్దాల పెట్టెల
నిటారుగ నిలబెట్టి, పైన లైటు వేసిన్రు,
రాజుగారి కత్తి లెక్క.
చీటీల ఏముందంటే
ఫౌజియా మేడం హిందీల చెప్పింది:
వీధులు ఊడ్చిన మనిషిది. పేరు తెల్వదు.

మూడు రోజులు ఊకున్న.
నాలుగోరోజు ఉండబట్టలేదు.
మేడం, చీపురును నిలబెట్టొద్దు, పండబెట్టాలె.
ఎందుకని అడిగింది.
ఎందుకో నాకూ తెల్వదు.
నిలబెడితే నర్సవ్వ కసిరేది, గంతే.

మేడం జరసేపు నన్ను చూసింది, చీపురును చూసింది.
తాళంచెవి తీసింది.
తెల్ల గ్లౌజులు నా చేతికే ఇచ్చింది.

పదేండ్ల సంది రోజూ చీపురు పట్టిన చెయ్యి
ఆ పూట వణికింది.
పాతదయ్యి ఎండిన పిల్లిపిల్ల తీరుగ
బరువే లేదు దానికి.
పండబెడుతుంటే కనబడ్డది:
పుల్లలు ఒక్కదిక్కే అరిగినయి, కొడవలి వంపుల.
నర్సవ్వ చీపురు గిట్లనే అరిగేది
కాని అవతలి దిక్కు.
పిడికి చుట్టిన తాడు మీద
బొటనవేలి గుంత గూడ అవతలికే.

మేడం, ఈ మనిషిది ఎడమచేతివాటం.

ఆమె ఏమీ అనలేదు. పెట్టె మూసింది.
నేను బకెట్ పట్టుకొని మెట్ల దిక్కు పోయిన.

వారానికి చీటీ మారింది.
యూనుస్‌ను పిలిచి రెండుసార్లు చదివించుకున్న.
పేరు తెల్వదు.
ఎడమచేతివాటం.

ఆ రాత్రి అందరు పోయినంక
మూడో గదిని ఎడమచేత్తోని ఊడ్చిన.
సరిగ రాలేదు.
మూలకు జర దుమ్ము అట్లనే మిగిలింది.