మూడు వాటాల కెమెరా

తీస్కో తమ్మీ, చేతిల పట్టి చూడు.
సబ్బుబిళ్లంత లేదు.
రోలాల ఒక శుక్రారం కొన్నం, పాతదే,
రెండొందల పది దిర్హములు,
మనిషికి డెబ్బై.

ఆశన్న జూము మంచిదంటుండె.
క్రేన్ డబ్బల కూసోని
అజ్మాన్ దిక్కు సముద్రాన్ని దగ్గరికి గుంజిండు.
దిగినంక చూస్తే
ఒక నీలం గీత, గంతే.
అయినా మంచిదే అంటుండె.

ఫయాజ్‌కు దీని మీద కోపం.
"ట్యూబులైటు కింద నా బగారన్నం
కామెర్లొచ్చినట్టు పడ్తది."
ఫ్లాషేస్తే ఇంకా అన్యాలం:
ఎండకు కమిలిన మా ముగ్గుర్ని
పెండ్లికొడుకుల లెక్క తెల్లగ చేస్తది.
ఇంటికి ఆ ఫోటోలే పంపినం.

నీ కాడ దాచుడెందుకు,
బ్యాటరీ మూత నిలువది, రబ్బరు బ్యాండెయ్యాలె.
అద్దంల ఇసుక రవ్వ జొచ్చింది,
ఏ ఆకాశం తీసినా అండ్ల నల్ల చుక్క.
ఫయాజ్ పిట్ట అంటడు. అననీ.

ఇంకోటి.
బ్యాటరీ తీసినప్పుడల్లా తారీఖు మర్చిపోతది,
రెండువేల ఐదు, జనవరి ఒకటికి
పోయి కూసుంటది.
కొన్ననాడు తీసిన ఆశన్న,
గడ్డం నెరిసినంక తీసిన ఆశన్న,
ఇద్దరి కింద అదే తారీఖు.
తొమ్మిదేండ్లు, ఒక్క దినం.

మొన్న వీసా క్యాన్సిలై పోయిండు.
బస్సు కాడ డెబ్బై చేతిల పెట్టబోతే
ఎనుకకు నూకిండు:
"నా వాటా అండ్లనే ఉండనీ."

నూట నలభై ఇయ్యి తమ్మీ.
బేరం లేదు.
ఆ మూడో వాటా
మేం అమ్మేది గాదు.