అనునాసికాలు

జ్ఞానాపురం బళ్లో
హాజరు పుస్తకం తెరుస్తాను.
"దూకరాజు" అంటాను.
నూకరాజు లేచి నిజంగానే దూకుతాడు.
నిర్మలని "దిర్బలా" అని పిలుస్తాను.
ఆ పిల్ల అసలే బక్కది,
తలొంచుకుని "ప్రెజెంట్ టీచర్" అంటుంది.
మౌనిక పేరు దగ్గర ఆగి
వేలితో చూపించి టిక్కు పెట్టేస్తాను.

న, మ.
ముక్కు మూసుకుపోయినవాళ్లకి ఈ రెండూ దక్కవు.
అమ్మ అబ్బ అవుతుంది.
నేను దేదు అవుతాను.
తెలుగు చెప్పుకుని బతికేదాన్ని,
వర్ణమాలకే బాకీ పడ్డాను.

పొద్దున్నే ఇరవై ముప్పై తుమ్ములు.
కిటికీ చువ్వల మీద పోర్టు వైపు నుంచి వచ్చిన నల్లపొడి,
తుడిచిన గుడ్డ జాడిస్తే బకెట్టు నీళ్లు కాటుక.
దానికి తుమ్ముతున్నానో,
పరుపులో కంటికి కనపడని పురుగులకి తుమ్ముతున్నానో,
తుఫానుకి కూలిన చెట్ల చోట నాటిన ఏడాకుల చెట్లు
కార్తీకంలో విరగబూసినందుకు తుమ్ముతున్నానో
ఎవరు చెప్పగలరు.
ఎంవీపీ కాలనీలో మా ఆడపడుచు
ఆ పూల వాసన కోసం కిటికీలు తీసి పెడుతుంది.
ఆ నెలలో వాళ్లింటికి వెళ్లడం మానేశాను.
పొగరనుకుంది.

"జలుబే కదా" అన్నారు అందరూ.
పదకొండేళ్లు అన్నారు.

రాత్రి రెండింటికి
ముక్కు తలుపు తియ్యని గాలి
నోటి దారి పడుతుంది.
చల్లగా, దుమ్ముతో, కడుక్కోని కాళ్లతో
నేరుగా ఛాతీలోకి.
అప్పుడు మొదలవుతాయి పిల్లికూతలు.
"అమ్మా, పిల్లొచ్చింది" అంటుంది మా చిన్నది నిద్రలో.
ఒకసారి మంచం కింద
పాలగిన్నె కూడా పెట్టింది.

మూడు దిళ్లు పేర్చుకుని కూచుంటాను.
రేవులో ఓడ కూత వేస్తుంది.
దాని ఊపిరి ఎంత పొడుగో లెక్కపెడతాను.

చినవాల్తేరు ఛాతీ ఆసుపత్రిలో
పైల డాక్టరమ్మ ఒక కాగితం ఇచ్చింది.
ఈ నెలలో ఎన్ని రాత్రులు లేచారు,
నీలం పంపు ఎన్నిసార్లు కొట్టారు,
ఏ పనులు చెయ్యలేకపోయారు.
ఇరవై ఐదుకి పదకొండు వచ్చాయి.
"మా బళ్లో ఇది పాసేనండి" అన్నాను.
ఆవిడ నవ్వింది.
నేనూ నవ్వబోయి, దగ్గాను.
నవ్వడం ఎప్పుడు తగ్గించారన్న ప్రశ్న
అందులో లేదు.
చెల్లెలి తలంబ్రాల వేళ సాంబ్రాణి పొగకి జడిసి
కల్యాణమండపం మెట్ల మీద కూచున్నదానికి
గడి లేదు.

తర్వాత ముక్కులోకి టార్చి వేసి చూసి అంది:
"పై వాటాలో కుళాయి కారుతోంది టీచరు గారూ.
మీరు పదకొండేళ్లుగా
కింది వాటా గోడ తుడుస్తున్నారు."

ముక్కుకొక పిచికారీ, ఛాతీకొక పంపు.
రోజూ. తగ్గినా మానొద్దంది.

ఏడో వారం, ఆదివారం.
పాత పోస్టాఫీసు బస్సు
ఫిషింగ్ హార్బరు మలుపు తిరిగింది.
చెంగులూ రుమాళ్లూ
బస్సంతా ముక్కుల మీదికి పోయాయి.
నేనొక్కదాన్నే కిటికీకి మొహం ఆనించి
ఎండుచేప, డీజిలు, తడిసిన తాడు,
ఒక్కొక్కటీ విడివిడిగా...
కండక్టరు అనుమానంగా చూశాడు.

నయమైపోయిందని అనను.
కార్తీకం ముందుంది. నీలం పంపు సంచిలోనే ఉంది.
ఊపిరి అన్న మాటకి ముక్కుతో పని లేదు,
ఎంత మూసుకుపోయినా సాఫీగా పలుకుతుంది.
పదకొండేళ్లూ ఆ ఒక్క మాటే
తప్పులేకుండా అన్నాను.

సోమవారం హాజరు.
"నూకరాజు."
కుర్రాడు దూకడానికి మోకాళ్లు వంచి
అలాగే ఆగిపోయాడు.
కొంచెం నిరాశపడ్డాడు కూడా.